నమ్ముతావా అని అడగని గుడి: జపాన్‌లో షింటో ఆలయ దర్శనం

జపాన్ మత గణాంకాలు చూసేవాళ్లకు మొదట్లోనే ఒక తికమక ఎదురవుతుంది. అక్కడి ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల శాఖ ఏటా మత సంస్థల నుంచి లెక్కలు సేకరించి ప్రచురిస్తుంది. జపాన్ దేశీయ మతమైన షింటో గుళ్లు చెప్పిన సభ్యుల సంఖ్యనూ, బౌద్ధాలయాలు చెప్పిన సంఖ్యనూ కలిపితే దేశ జనాభాను దాటిపోతుంది. అదే దేశంలో మీ మతమేమిటని మనుషుల్ని నేరుగా అడిగితే ఎక్కువమంది ఏ మతమూ లేదంటారు. అలా అన్నవాళ్లలోనే చాలామంది జనవరి మొదటి మూడు రోజుల్లో చలిలో గంటల తరబడి క్యూలో నిలబడి గుడికి వెళ్తారు. టోక్యోలోని మెయిజీ జింగూ గుడికే ఆ మూడు రోజుల్లో దాదాపు 30 లక్షల మంది వస్తారని అంచనా.

మతమంటే ముందు నమ్మకం, తర్వాత ఆచారం అనుకుంటేనే ఇది తికమక. షింటోకు స్థాపకుడు లేడు. ఇది నమ్మాలి, ఇది నమ్మకూడదు అని చెప్పే ధర్మగ్రంథం లేదు. 712లో పూర్తయిన కొజికి, 720లో పూర్తయిన నిహోన్ షోకి దేవతల పుట్టుకనూ రాజవంశం కథనూ చెబుతాయి తప్ప భక్తుడికి నియమాలు పెట్టవు. గుడికి వచ్చినవాడు చేతులు కడుక్కున్నాడా, వంగి నమస్కరించాడా, పండగలో పల్లకికి భుజం ఇచ్చాడా అన్నది ఊరు చూస్తుంది. లోపల ఏమనుకుంటున్నాడో ఎవరూ అడగరు. ఈ అడగకపోవడమే షింటో గుళ్లకు పెద్ద బలం. గత 150 ఏళ్లలో వాటికీ, వాటి పేరు మీద ఇతరులకూ జరిగిన నష్టాల్లో చాలావాటికి దారి తెరిచింది కూడా ఇదే.

గుడిలోకి నడక

మెయిజీ జింగూనే తీసుకుందాం. హరజుకు స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే చెట్ల మధ్య గులకరాళ్ల దారి మొదలవుతుంది. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డదూలాలు ఉన్న తోరీ అనే ద్వారం దగ్గర జనం ఆగి ఒకసారి తల వంచుతారు. దానికి తలుపులు ఉండవు, పక్కన గోడలూ ఉండవు. బయటి లోకానికీ దేవుడి చోటుకూ మధ్య హద్దు అది. అక్కడి నుంచి దారి మధ్యలో కాకుండా పక్కగా నడవాలి, మధ్య భాగం దేవుడు నడిచే దారి అంటారు. ఈ గుడిలోని పెద్ద తోరీ 12 మీటర్ల ఎత్తు. తొలి తోరీ 1966లో పిడుగుపాటుకు దెబ్బతింటే, తైవాన్ కొండల నుంచి 1,500 ఏళ్లకు పైబడిన సైప్రస్ మాను తెచ్చి 1975లో ఇప్పుడున్నదాన్ని నిలబెట్టారు.

తర్వాత నీళ్ల తొట్టి. వెదురు గరిటెతో ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నేరుగా నోరు పెట్టకూడదు. చివర్లో గరిటెను నిలువుగా ఎత్తి, మిగిలిన నీళ్లు పిడి మీదుగా జారనివ్వాలి, తర్వాత పట్టుకునేవాళ్లకు అది శుభ్రంగా ఉండాలి కదా. కోవిడ్ రోజుల్లో చాలా గుళ్లు గరిటెలు తీసేసి నీటిని ధారగా వదిలాయి. ఖాళీగా ఉన్న తొట్లలో పూలు తేలేసే అలవాటు అప్పుడే ఊపందుకుని ఇప్పటికీ సాగుతోంది.

ఈ కడుక్కోవడం వెనక ఉన్న భావన తెలుగువాళ్లకు కొత్తది కాదు. మన మైల లాంటిదే. చావు జరిగిన ఇంటివాళ్లు 50 రోజుల పాటు గుడికి వెళ్లకుండా ఉండటం అక్కడ సాధారణ ఆచారం. మైల పాపం కాదు, తప్పు చేస్తే అంటుకునేదీ కాదు. బతుకులో పేరుకునేది, నీళ్లతో పోయేది. అందుకే షింటో గుడిలో పశ్చాత్తాపం కన్నా శుభ్రత మీద శ్రద్ధ ఎక్కువ. అంత్యక్రియలు మాత్రం ఎక్కువ ఇళ్లలో బౌద్ధ పద్ధతిలోనే జరుగుతాయి. పుట్టిన నెల రోజులకు పసిబిడ్డను తీసుకెళ్లేది షింటో గుడికి, చనిపోయాక మంత్రాలు చదివించేది బౌద్ధ పూజారితో. రెండు మతాల మధ్య నలిగిపోతున్నామని ఏ కుటుంబమూ అనుకోదు.

గుడి ముందు నిలబడ్డాక నాణెం పెట్టెలో వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో మాట చెప్పుకుని, మళ్లీ ఒకసారి వంగుతారు. ఇజుమోలోని గుడిలోనూ, క్యూషూ దీవిలోని ఉసా జింగూలోనూ నాలుగు చప్పట్లు. మనం గుడికి వెళ్తే మూలవిరాట్టును కళ్లారా చూడాలని వెళ్తాం. ఇక్కడ చూడటానికి ఏమీ ఉండదు. దేవుడు, అంటే కామి, నిలిచి ఉండే వస్తువు అద్దమో ఖడ్గమో మరొకటో అయి ఉండొచ్చు. అది లోపలి గదిలో మూతపెట్టి ఉంటుంది. దాన్ని పూజారులు కూడా మామూలుగా చూడరు. నారా దగ్గరి ఓమీవా గుడికైతే గర్భాలయమే లేదు. వెనకనున్న మీవా కొండే దేవుడు. అనుమతి తీసుకుని కొండ ఎక్కవచ్చు గానీ ఫొటోలు తీయకూడదు, నీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. నాచీలో 133 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతమే దేవుడు, దాని ముందు ఒక తోరీ మాత్రం ఉంటుంది.

మొక్కుల తీరు మాత్రం మనకు బాగా పరిచయమైనదే. ఎమా అనే చిన్న చెక్కపలక మీద కోరిక రాసి వేలాడదీస్తారు. ఒకప్పుడు దేవుడికి నిజం గుర్రాన్ని సమర్పించేవారు, తర్వాత గుర్రం బొమ్మ గీసిన పలక సరిపోయింది. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు తెన్‌జిన్ గుళ్లకు వెళ్తారు. అక్కడి దేవుడు సుగవారా నో మిచిజానే ఒకప్పటి మనిషే. గొప్ప పండితుడు, ఉన్నతాధికారి. దర్బారు కుట్రలకు బలై 901లో క్యూషూలోని దజైఫుకు వెళ్లగొట్టబడి, 903లో అక్కడే చనిపోయాడు. తర్వాత రాజధానిలో వరసగా చావులు, పిడుగులు. అది అతని ఆగ్రహమేనని భయపడి, శాంతింపజేయడానికి గుడి కట్టారు. ఆ ఉగ్రదేవత కాలక్రమంలో చదువుల దేవుడయ్యాడు. కొత్త కారు కొంటే గుడికి తీసుకెళ్లి పూజ చేయించడం అక్కడా ఉంది. పూజారి ప్రాచీన జపనీస్‌లో ప్రార్థన చదువుతూ మధ్యలో యజమాని పేరూ చిరునామా కూడా చదువుతాడు.

పాతవిగా కనిపించే కొత్తవి

ఈ ఆచారాలన్నీ వేల ఏళ్ల నాటివని టూరిజం కరపత్రాలు చెబుతాయి. ఆ మాట నమ్మితే అసలు విషయం తప్పిపోతుంది. రెండు వందనాలు, రెండు చప్పట్లు, ఒక వందనం అన్న పద్ధతి దేశమంతటా ఒకేలా స్థిరపడింది మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, ప్రభుత్వం పూజావిధానాన్ని ఒకే మూసలోకి తెచ్చినప్పుడు. అంతకు ముందు ఊరికో తీరు. గుడిలో పెళ్లి కూడా అలాంటిదే. 1900లో యువరాజు యోషిహితో పెళ్లి షింటో పద్ధతిలో జరిగాక టోక్యోలో దాన్ని అనుసరించి సామాన్యుల పెళ్లిళ్లు మొదలయ్యాయి. అంతవరకు పెళ్లంటే ఎక్కువగా ఇంట్లో జరిగే వేడుకే.

కొత్త సంవత్సరం రోజున దూరపు పెద్ద గుడికి వెళ్లే హత్సుమోదె కథ మరీ ఆసక్తికరం. పూర్వం ఏడాది మొదట్లో ఊరి గుడికో, ఆ ఏడాదికి శుభమని లెక్కగట్టిన దిక్కులో ఉన్న గుడికో వెళ్లేవారు. 1872లో టోక్యో, యోకోహామాల మధ్య రైలు వచ్చాక దారిలో ఉన్న కవాసాకి బౌద్ధాలయానికి పండగ జనం పెరిగారు. రైలు కంపెనీలు పోటీపడి ప్రకటనలు ఇచ్చాయి, ప్రత్యేక రైళ్లు వేశాయి. దిక్కు లెక్క మెల్లగా వెనక్కి పోయింది, టికెట్ ఉన్న ప్రతి దిక్కూ శుభమే అయింది. హరజుకు స్టేషన్లో కొత్త సంవత్సరం రద్దీ కోసమే వాడే ఒక ప్లాట్‌ఫాం ఉండేది, 2020లో దాన్ని రోజువారీ వాడకంలోకి తెచ్చారు.

కొత్తదైనంత మాత్రాన ఆ ఆచారం దొంగదైపోదు. తాతలు మొదలుపెట్టిన అలవాటును మనవలు మనసుపెట్టి చేస్తుంటే అది వాళ్లదే. కానీ ఏది ఎప్పుడు వచ్చిందో తెలిస్తే, గుడి ఎవరి చేతుల్లో ఎలా మారిందో కూడా కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు 1868 నాటిది. అంతకు ముందు వెయ్యేళ్లకు పైగా కామి, బుద్ధుడు ఒకే ప్రాంగణంలో కలిసి ఉన్నారు. గుళ్లో సూత్రాలు చదివేవారు, బౌద్ధాలయంలో కామికి మందిరం ఉండేది. భారతదేశం నుంచి చైనా మీదుగా వెళ్లిన దేవతలు కూడా అందులో కలిసిపోయారు. మన సరస్వతే అక్కడ బెంజైతెన్ అయి వీణకు బదులు బివా అనే తంత్రీవాద్యం పట్టుకుంది. గుడి ముందు కాపలా ఉండే జంట సింహాల్లో ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి ఉంటుంది. అవి ఓంకారంలోని మొదటి, చివరి ధ్వనులు. చక్రవర్తిని దేశానికి కేంద్రంగా నిలబెట్టాలనుకున్న కొత్త ప్రభుత్వానికి ఈ కలగలుపు నచ్చలేదు. బౌద్ధం పరాయిది, కామి మనది అని విడదీయమని ఆజ్ఞ జారీ చేసింది. ఆ ఊపులో ఎన్నో చోట్ల విగ్రహాలు, గంటలు, గ్రంథాలు ధ్వంసమయ్యాయి. కామకురాలోని త్సురుగవోకా హచిమన్ గుడిలో ఉన్న బౌద్ధ కట్టడాలను 1870లో కూల్చేశారు. కామకురా దగ్గరి ఎనోషిమా దీవిలో బెంజైతెన్ స్థానంలో అధికారికంగా ముగ్గురు సముద్ర దేవతల పేర్లు చేరాయి. క్యోటోలో 869 నాటి అంటువ్యాధి నుంచి మొదలైన గియోన్ ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది, కానీ ఆ ఉత్సవ దేవుడికి బౌద్ధంతో కలిసిన గోజు తెన్నో పేరు పోయి, కొజికి కథల్లోని సుసానోవో పేరు వచ్చింది. జనం మాత్రం ఎనోషిమాకు బెంజైతెన్ కోసమే ఇప్పటికీ వెళ్తున్నారు.

మతం కాదన్న మాట

మెయిజీ రాజ్యాంగం 1889లో మత స్వేచ్ఛ ఇచ్చింది. మరి చక్రవర్తి పూజను అందరిచేతా చేయించడం ఎలా? దానికి ప్రభుత్వం దొరకబుచ్చుకున్న సమాధానం, షింటో గుడి మతమే కాదు అని. అక్కడ వంగడం దేశపౌరుడిగా మర్యాద మాత్రమేనట. గుడి ఏ నమ్మకాన్నీ అడగదు కాబట్టే ఈ వాదన అతికింది. ఊరి ఆచారంలో ఉన్న వెసులుబాటు రాజ్యం చేతిలో బలవంతంగా మారింది. 1932లో టోక్యోలో కొందరు క్యాథలిక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు యుద్ధాల్లో చనిపోయినవాళ్లకు కట్టిన యాసుకుని గుడిలో నమస్కరించడానికి నిరాకరిస్తే పెద్ద దుమారం రేగింది. అది పౌరమర్యాదే తప్ప మతం కాదని ప్రభుత్వం చెప్పిన మాట మీద 1936లో వాటికన్ కూడా అనుమతి ఇచ్చింది. కొరియాలో సియోల్ నడిబొడ్డున కొండ మీద 1925లో చోసెన్ జింగూ కట్టారు. గుడికి వచ్చి వంగని క్రైస్తవ పాఠశాలలు 1930లలో మూతపడ్డాయి, పాస్టర్లు జైళ్లలో చనిపోయారు. 1945లో యుద్ధం ముగియగానే ఆ గుడిని జపనీయులే విప్పేశారు. కొరియాలో తోరీని చూసి ఇప్పటికీ కోపం వస్తుందంటే కారణం ఇదే. జపాన్ గుళ్ల అందం గురించి రాసేవాళ్లు ఈ ముక్కను దాటేయడం న్యాయం కాదు.

1945 డిసెంబర్లో, యుద్ధంలో ఓడిన జపాన్‌ను పాలించిన అమెరికా నాయకత్వంలోని ఆక్రమణ దళాల ఆదేశంతో గుళ్లకు ప్రభుత్వ ఆసరా ఆగింది. 1947 రాజ్యాంగం మతాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేసింది. ప్రశ్న మాత్రం పోలేదు. 1965లో త్సు నగరపాలక సంస్థ వ్యాయామశాల భూమిపూజకు షింటో పూజారులను పిలిచి డబ్బు ఖర్చుపెట్టింది. దానిపై పడిన కేసులో 1977లో సుప్రీంకోర్టు, భూమిపూజ సమాజంలో స్థిరపడిన ఆచారమేననీ రాజ్యాంగ విరుద్ధం కాదనీ తీర్పు చెప్పింది. 1997లో ఎహిమె రాష్ట్రం యాసుకుని గుడికి కానుకల డబ్బు ఇవ్వడాన్ని అదే కోర్టు తప్పుపట్టింది. 2010లో సునగావా నగరం తన భూమిని ఒక గుడికి ఉచితంగా ఇవ్వడమూ చెల్లదంది. గుడికి వెళ్లడం మతమా, మర్యాదా అన్న గీతను కోర్టులు కేసును బట్టి గీస్తూనే ఉన్నాయి.

యాసుకుని విషయంలో ఆ గీత దేశం దాటింది. 1869లో మొదలైన ఆ గుడిలో యుద్ధాల్లో చనిపోయిన 24 లక్షలకు పైగా మందిని కామిగా ప్రతిష్ఠించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిత్రదేశాలు జరిపిన టోక్యో ట్రయల్‌లో అతి తీవ్రమైన ‘క్లాస్-ఎ’ యుద్ధ నేరాలకు విచారణ ఎదుర్కొన్న 14 మందిని కూడా 1978లో అందులో చేర్చారు. చక్రవర్తి హిరోహితో 1975 తర్వాత అక్కడికి వెళ్లలేదు, ఆయన తర్వాతి చక్రవర్తులూ వెళ్లలేదు. ప్రధానులు వెళ్లినప్పుడల్లా చైనా, దక్షిణ కొరియా నిరసన తెలుపుతాయి. ఆ ప్రాంగణంలో ఒక భారతీయుడి స్మారకం కూడా ఉంది. టోక్యో ట్రయల్‌లో నిందితులందరూ నిర్దోషులని భిన్నతీర్పు రాసిన న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ పేరిట 2005లో పెట్టారు. అక్కడికి వెళ్లే భారతీయ పర్యాటకులు ఆ ఫలకం ముందు ఫొటో దిగే ముందు ఆ గుడి చరిత్ర తెలుసుకోవడం మంచిది.

అడవి, కొయ్య, మనుషులు

షింటో గుడి అంటే భవనం కన్నా దాని చుట్టూ ఉండే చెట్లే ముందు గుర్తొస్తాయి. ఊరి గుడి అడవిలో చెట్టు కొట్టకూడదన్న భయమే చాలా చోట్ల పాత అడవి ముక్కలను కాపాడింది. 1906లో ప్రభుత్వం ఖర్చు తగ్గించడానికీ, పాలన సులువు కావడానికీ చిన్న గుళ్లను కలిపేయమంది. దాదాపు 2 లక్షల గుళ్లలో సుమారు 70 వేలు కొన్నేళ్లలోనే మాయమయ్యాయి. మియె, వకయామా ప్రాంతాల్లో దెబ్బ మరీ ఎక్కువ. మూసిన గుళ్ల అడవులను నరికి అమ్మేశారు. వకయామాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త మినకాత కుమగుసు దీనిపై ఏళ్ల తరబడి పోరాడాడు. 1910లో ఒక సమావేశంలోకి దూసుకెళ్లి గొడవ చేసి జైలుకు కూడా వెళ్లాడు. గుడి పోతే ఆ నేల మీది నాచు, శిలీంద్రాలు, పురుగులతో పాటు ఊరి మనుషుల మధ్య బంధం కూడా పోతుందని ఆయన రాశాడు. పర్యావరణం గురించి ఈరోజు మనం మాట్లాడే మాటలను వందేళ్ల ముందే అంత స్పష్టంగా చెప్పిన మనిషి ఆయన.

విచిత్రమేమిటంటే, ఒకపక్క ఆ అడవులు పోతున్న రోజుల్లోనే ప్రభుత్వం టోక్యోలో కొత్త అడవి నాటింది. మెయిజీ చక్రవర్తి 1912లో చనిపోయాక ఆయనకు గుడి కట్టాలనుకున్న చోట పెద్దగా చెట్లే లేవు. ప్రధాని ఒకుమా షిగెనోబు నిక్కోలో లాగా దేవదారు లాంటి సుగీ చెట్లే కావాలన్నాడు. అటవీ శాస్త్రవేత్త హోందా సెయిరోకు ఒప్పుకోలేదు. టోక్యో నేలకూ, పొగకూ అవి బతకవని, ఓక్, కర్పూర చెట్ల లాంటి వెడల్పాకుల జాతులు నాటితే తరాలు గడిచాక తమంతట తామే పెరిగే అడవి అవుతుందని వాదించి నెగ్గాడు. దేశం నలుమూలల నుంచి సుమారు లక్ష చెట్లు విరాళంగా వచ్చాయి. యువజన సంఘాల వాళ్లు లక్షకు పైగా మంది వచ్చి పనిచేశారు. 1920లో గుడి తెరిచారు. 1945 బాంబుదాడిలో ప్రధాన భవనం కాలిపోయింది, 1958లో మళ్లీ కట్టారు. అడవి మాత్రం నిలిచింది. దారిలో ఊడ్చిన ఆకులను ఈరోజుకీ పారేయరు, తిరిగి చెట్ల కిందే పోస్తారు.

మియె ప్రాంతంలోని ఇసే మహాలయంలో కాపాడే పద్ధతి వేరు. అక్కడి ప్రధాన ఆలయాలను ప్రతి 20 ఏళ్లకు పక్క స్థలంలో కొత్తగా కట్టి, దేవతను అందులోకి మార్చి, పాతదాన్ని విప్పేస్తారు. తొలిసారి 690లో జరిగింది. 15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల్లో వందేళ్లకు పైగా ఆగిపోయినా మళ్లీ మొదలైంది. 62వది 2013లో పూర్తయింది, 63వది 2033లో. 20 ఏళ్ల వ్యవధి ఉంటే వడ్రంగి కుర్రవాడిగా ఒకసారి, మేస్త్రీగా మరోసారి ఆ పనిలో పాల్గొనగలడు. పాత కొయ్య వృథా కాదు. లోపలి, బయటి ఆలయాల ముఖ్య స్తంభాలు ఉజీ వంతెన దగ్గర తోరీలుగా మారతాయి, మిగతాది దేశంలోని ఇతర గుళ్లకు పోతుంది. దగ్గర్లో పెద్ద మానులు అయిపోయి శతాబ్దాలుగా కీసో కొండల మీద ఆధారపడ్డ ఇసే, 1920లలో సొంత అడవిలో 200 ఏళ్ల ప్రణాళికతో హినోకి అనే సైప్రస్ చెట్లు నాటింది. 2013 నిర్మాణంలో నాలుగో వంతుకు దగ్గరగా కొయ్య ఆ సొంత అడవి నుంచే వచ్చింది.

ఇంత దూరం చూడగల సంస్థలు కూడా డబ్బు దగ్గర ఇబ్బంది పడుతున్నాయి. మెయిజీ జింగూ తన బయటి తోటలోని స్టేడియంలు, పెళ్లి మంటపం ఆదాయంతోనే లోపలి అడవిని పోషిస్తుంది. ఆ బయటి తోటను ఆకాశహర్మ్యాలతో పునర్నిర్మించే ప్రాజెక్టుకు 2023లో అనుమతి వచ్చాక, వందల చెట్లు కొట్టేస్తారని టోక్యోలో పెద్ద నిరసన నడిచింది.

చిన్న గుళ్ల పరిస్థితి ఇంకా కష్టం. షింటో గుళ్ల ప్రధాన సంఘం కింద దాదాపు 80 వేల గుళ్లుంటే పూజారులు అందులో మూడో వంతు కూడా లేరు. పల్లెల్లో ఒక్క పూజారి పది, ఇరవై గుళ్లు చూసుకోవడం మామూలైపోయింది. కుర్రవాళ్లు నగరాలకు పోయాక పండగ రోజున దేవుడి పల్లకి మోసేవాళ్లు లేక దాన్ని ట్రక్కు మీద తిప్పుతున్న ఊళ్లున్నాయి. పర్యాటకుల నాణేలు పడేది క్యోటోలోని ఫుషిమి ఇనారి లాంటి కొద్ది గుళ్ల పెట్టెల్లోనే. వేల ఎర్ర తోరీల కింద ఫొటో తీసుకునే చోటికి జనం వెళ్తారు, కొండ పల్లెలో పైకప్పు కారుతున్న గుడికి ఎవరూ వెళ్లరు. అలాంటి గుళ్లను పక్కవాటిలో కలిపేయడం మళ్లీ మొదలైంది. 1906లో అది ప్రభుత్వ ఆజ్ఞతో జరిగింది, మినకాత లాంటివాళ్లు అడ్డుపడ్డారు. ఇప్పుడు ఆజ్ఞ ఏదీ లేదు, అడ్డుపడటానికి ఊళ్లో మనుషులూ మిగల్లేదు.